అమెరికా ఎన్నికల్లో ముందస్తు ఓటు, తపాలా ఓటు, పోలింగ్ రోజు ఓటు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా పౌరసత్వం తీసుకుని మొదటిసారి ఓటు వేయబోతున్న తెలుగువారు, వారితో పాటు ఉంటున్న పెద్దవాళ్లు గత కొన్ని ఎన్నికలుగా నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. రెండు ఎన్నికల్లో పోలింగ్ కేంద్రంలో సిబ్బందిగా పనిచేశాను. మా ఇంట్లోనే ముగ్గురం మూడు పద్ధతుల్లో ఓటు వేశాం. అందువల్ల నిబంధనలతో పాటు కళ్లారా చూసిన సంగతులు కూడా కొన్ని జవాబుల్లోకి వచ్చాయి. నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి, మారుతూ కూడా ఉంటాయి కాబట్టి తేదీలు, గడువుల విషయంలో మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికల కార్యాలయం చెప్పిందే చివరి మాట.

ఒకే దేశంలో ఓటు వేయడానికి ఇన్ని పద్ధతులు ఎందుకు?

భారతదేశంలో ఎన్నికల సంఘం ఒక్కటే దేశమంతటికీ ఒకే విధానం పెడుతుంది. అమెరికాలో అలాంటి కేంద్ర సంస్థ లేదు. ఎన్నికలు జరిపే బాధ్యత రాష్ట్రాలది. క్షేత్రస్థాయి పని ఎక్కువగా కౌంటీలది. నవంబరు మొదటి సోమవారం తరువాత వచ్చే మంగళవారం ఎన్నిక జరగాలని 1845లో చేసిన చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఆ లెక్కన 2024లో నవంబరు 5న జరిగింది, 2026లో నవంబరు 3న వస్తుంది. ఆ మంగళవారం దేశమంతటికీ సెలవు దినం కాదు. ఆసుపత్రిలో రాత్రి షిఫ్టు చేసేవారికి, చంటిపిల్లల తల్లులకు, పని మీద ఊళ్లు తిరిగేవారికి ఆ ఒక్క రోజే అవకాశమంటే చాలామంది ఓటు పోతుంది. ముందస్తు ఓటు, తపాలా ఓటు పుట్టింది ఆ అవసరంలోంచే.

ఎంత తేడా ఉంటుందో రెండు రాష్ట్రాలు చూస్తే అర్థమవుతుంది. ఒరెగన్ ప్రజలు 1998లో తపాలా పద్ధతినే ఎంచుకున్నారు. 2000లో ఆ రాష్ట్రంలో అధ్యక్ష ఎన్నిక పూర్తిగా తపాలాలోనే జరిగింది. వాషింగ్టన్, కొలరాడో, యూటా, హవాయి, కాలిఫోర్నియా, నెవాడా వంటి రాష్ట్రాలు తరువాత ఆ దారి పట్టాయి. టెక్సస్‌లో మాత్రం 65 ఏళ్లు నిండినవారు, అనారోగ్యం లేదా వైకల్యం ఉన్నవారు, ఓటింగ్ కాలమంతా కౌంటీలో లేనివారు, కాన్పుకు దగ్గరగా ఉన్నవారు వంటి కొద్దిమందికే తపాలా ఓటు ఇస్తారు. అయితే అక్కడ దాదాపు రెండు వారాల పాటు నేరుగా వెళ్లి ముందే ఓటు వేయవచ్చు. 2024లో అలబామా, మిసిసిపి, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో అందరికీ అందుబాటులో ఉండే అలాంటి ముందస్తు ఓటింగ్ లేదు. కాబట్టి డల్లాస్‌లో ఉన్న బంధువు చెప్పింది సియాటిల్‌లో ఉన్న మీకు పనికిరాకపోవచ్చు.

గ్రీన్ కార్డు ఉంది, పన్నులు కడుతున్నాను. ఓటు వేయవచ్చా?

వేయకూడదు. అధ్యక్షుడు, సెనేట్, ప్రతినిధుల సభ ఎన్నికల్లో పౌరులకు మాత్రమే ఓటు ఉంటుంది. పౌరులు కానివారు ఓటు వేయడాన్ని 1996 నాటి సమాఖ్య చట్టం నేరంగా పరిగణిస్తుంది. గ్రీన్ కార్డు పోయి, దేశం విడిచి వెళ్లాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. పౌరసత్వానికి పెట్టుకునే దరఖాస్తులో, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అని సూటిగా అడుగుతారు.

చాలామంది ఈ చిక్కులో పడేది డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో. ఓటరుగా నమోదు చేయమంటారా అని అక్కడ అడిగినప్పుడు, ఏదో మామూలు ప్రశ్న అనుకుని అవునంటారు. మీ అమ్మగారినో నాన్నగారినో లైసెన్సు కోసం తీసుకువెళితే ఆ ప్రశ్న దగ్గర తప్పకుండా పక్కన నిలబడండి. కొన్ని పట్టణాల్లో స్థానిక ఎన్నికలకు మినహాయింపులు ఉన్న మాట నిజమే కానీ, ఇమ్మిగ్రేషన్ వకీలును అడగకుండా వాటి జోలికి వెళ్లవద్దు.

మూడు పద్ధతుల్లో దేనికి విలువ ఎక్కువ?

మూడూ సమానమే. పోటీ హోరాహోరీగా ఉంటేనే తపాలా ఓట్లు లెక్కపెడతారన్న మాట ప్రతి ఎన్నికకూ వినిపిస్తుంది. అది నిజం కాదు. చెల్లుబాటయ్యే ప్రతి బ్యాలెట్‌నూ లెక్కపెడతారు.

ముందస్తు ఓటింగ్‌కు వెళితే లోపల ఏం జరుగుతుంది?

కేంద్రం సాధారణంగా గ్రంథాలయంలోనో, కమ్యూనిటీ హాలులోనో, కౌంటీ కార్యాలయంలోనో ఉంటుంది. గుమ్మం దగ్గరి బల్ల వెనుక ఉన్న సిబ్బంది మీ పేరు, చిరునామా అడిగి, ఎదురుగా ఉన్న ట్యాబ్లెట్‌లో వెతుకుతారు. గుర్తింపు కార్డు అడగాలా వద్దా, అడిగితే ఏ కార్డు చెల్లుతుంది అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. పేరు దొరికాక సంతకం తీసుకుని, మీ చిరునామాకు సంబంధించిన బ్యాలెట్ ఇస్తారు. కొన్నిచోట్ల తెర మీద ఎంచుకుంటే యంత్రం కాగితం మీద అచ్చు వేసి ఇస్తుంది. మరికొన్నిచోట్ల పెన్నుతో గుండ్రని గడులు నింపాలి. చివరగా ఆ కాగితాన్ని స్కానర్‌లో పెట్టాలి. కాగితం లోపలికి వెళ్లి, తెర మీద స్వీకరించినట్లు సందేశం కనిపించే దాకా అక్కడి నుంచి కదలవద్దు. రెండు అడుగులు వేసేసిన ఒక పెద్దాయనను మేము వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఒకే స్థానానికి ఇద్దరి పేర్ల ఎదురుగా గడులు నింపడంతో స్కానర్ ఆయన బ్యాలెట్‌ను బయటకు తోసేసింది. పాతదాన్ని రద్దు చేసి కొత్తది ఇచ్చాం. తపాలాలో పంపి ఉంటే, ఆ ఒక్క స్థానానికి ఆయన ఓటు లెక్కలోకి వచ్చేది కాదు.

ఇంటికి బ్యాలెట్ వచ్చే రాష్ట్రంలో ఉన్నా, ముందస్తు కేంద్రానికి వెళ్లడమే నాకు ఇష్టం. ఓటరు జాబితాలో పేరు కనిపించకపోయినా, చిరునామా పాతదే ఉన్నా, సరిచేసుకోవడానికి ఇంకా రోజులు చేతిలో ఉంటాయి. చాలా రాష్ట్రాల్లో కౌంటీలోని ఏ ముందస్తు కేంద్రానికైనా వెళ్లవచ్చు కనుక ఆఫీసు దగ్గరిదే ఎంచుకోవచ్చు. మొదటి రోజు, చివరి రోజు రద్దీగా ఉంటుంది. మధ్యలో ఏదో ఒక రోజు ఉదయం పది దాటాక వెళితే తొందరగా పని అయిపోతుందని నా అనుభవం.

ఒకసారి ఓటు వేశాక మనసు మారినా దాదాపు ఎక్కడా మార్చుకోలేరు. అభ్యర్థుల గురించి ఇంకా ఆలోచిస్తున్నవారు నాలుగు రోజులు ఆగి వెళ్లడం మేలు.

బ్యాలెట్‌లో అన్ని పేర్లు ఉన్నాయి. అన్నీ నింపాలా?

నింపనక్కర్లేదు. మన దగ్గరిలా ఒక్క మీట నొక్కితే అయిపోయే ఓటు కాదిది. అధ్యక్షుడి నుంచి పాఠశాల బోర్డు దాకా, న్యాయమూర్తులు, బాండ్లు (స్థానిక పనులకు ప్రభుత్వం అప్పు తీసుకోవచ్చా అన్న ప్రశ్నలు), రాష్ట్ర రాజ్యాంగ సవరణలు అన్నీ ఒకే కాగితం మీదకు వస్తాయి. వదిలేసిన స్థానాల వల్ల మిగతా ఓట్లకు నష్టం ఉండదు. అయితే మీ ఇంటిపన్ను మీద, పిల్లల బడి మీద నేరుగా ప్రభావం చూపేది తరచుగా ఆ కింది వరుసలే. నమూనా బ్యాలెట్ చాలా కౌంటీల్లో ముందే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాన్ని చూసి ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి. ఫోను వాడకాన్ని చాలాచోట్ల ఒప్పుకోరు కనుక కాగితమే నయం.

తపాలా ఓటులో ఎక్కువగా జరిగే పొరపాట్లు ఏమిటి?

అందరూ అభ్యర్థిని ఎంచుకోవడం గురించి ఆలోచిస్తారు. బ్యాలెట్ తిరస్కారానికి గురయ్యేది మాత్రం కవరు దగ్గర. బయటి కవరు మీద సంతకం మరచిపోవడం, భర్త కవరు మీద భార్య, భార్య కవరు మీద భర్త సంతకం చేయడం, తేదీ రాయాల్సిన చోట పుట్టిన తేదీ రాయడం, సాక్షి సంతకం అడిగే రాష్ట్రంలో సాక్షి లేకపోవడం వంటివి మళ్లీ మళ్లీ జరుగుతాయి. పెన్సిల్వేనియాలో బ్యాలెట్‌ను ముందు లోపలి గోప్యతా కవరులో పెట్టి, ఆ తరువాత బయటి కవరులో పెట్టాలి. లోపలి కవరు లేని తపాలా బ్యాలెట్లను లెక్కించకూడదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. టెక్సస్‌లో 2021 చట్టం ప్రకారం లైసెన్సు నంబరు గానీ సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి నాలుగు అంకెలు గానీ కవరు మీద రాయాలి, అది నమోదులో ఉన్న నంబరుతో సరిపోలాలి. ఆ నిబంధన వచ్చాక జరిగిన 2022 మార్చి ప్రైమరీలో (పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే ఎన్నికలో) తిరిగి వచ్చిన తపాలా బ్యాలెట్లలో సుమారు 12 శాతం తిరస్కరించారు. అలా ఓటు పోయిన వారిలో ఏళ్ల తరబడి తపాలాలో వేస్తున్న పెద్దవాళ్లు కూడా ఉన్నారు. అలవాటైన పని కదా అని కొత్త సూచనల కాగితం చదవకుండా పక్కన పెట్టవద్దని నేను పట్టుబట్టి చెప్పేది అందుకే.

నా సంతకం సరిపోలలేదని ఉత్తరం వచ్చింది. నా ఓటు పోయినట్లేనా?

ఇంకా పోలేదు, కానీ ఆ ఉత్తరాన్ని అదే రోజు పట్టించుకోవాలి.

మా అత్తయ్యగారి విషయంలో ఇదే జరిగింది. ఓటరుగా నమోదైన రోజున ఆవిడ జీవితమంతా చేస్తూ వచ్చినట్లే తెలుగులో సంతకం చేశారు. అది చెల్లుతుంది, సంతకం ఫలానా లిపిలోనే ఉండాలని ఏమీ లేదు. ఆ తరువాత బ్యాంకు పనుల కోసం మనవరాలు ఇంగ్లీషులో సంతకం నేర్పింది. బ్యాలెట్ కవరు మీద ఆవిడ ఎంతో శ్రద్ధగా, అక్షరం అక్షరం దిద్దుతూ, ఆ కొత్త సంతకమే చేశారు. వారం తిరగకుండా కౌంటీ నుంచి ఉత్తరం వచ్చింది. దానితో పాటు వచ్చిన ఫారం మీద రెండు సంతకాలూ చేసి, గుర్తింపు కార్డు నకలు జతచేసి, మర్నాడే స్వయంగా తీసుకువెళ్లి ఇచ్చాం. ఆవిడ ఓటు లెక్కలో చేరింది.

ఇలా సరిదిద్దుకునే అవకాశం చాలా రాష్ట్రాల్లో ఉంది, కానీ గడువు కొన్ని రోజులే. కవరు మీద ఫోను నంబరు, ఈమెయిల్ రాసే చోటు ఉంటే ఖాళీగా వదలకండి. ఉత్తరం రావడం ఆలస్యమైనా కబురు అందుతుంది. వణుకుడు వ్యాధి వల్లనో, పక్షవాతం వల్లనో సంతకం మారిపోయిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఎన్నిక రాకముందే నమోదు ఫారం మళ్లీ నింపి కొత్త సంతకాన్ని రికార్డులో పెట్టించండి.

ఎన్నిక రోజున తపాలా పెట్టెలో వేస్తే సరిపోతుందా?

అలా వదిలేయకండి. చాలా రాష్ట్రాల్లో ఎన్నిక రోజు ముగిసేలోగా బ్యాలెట్ కార్యాలయానికి చేరాలి. ఆ రోజుకు తపాలా ముద్ర పడి ఉంటే చాలనేవి కొన్నే. ఆ ముద్ర కూడా మీరు పెట్టెలో వేసిన రోజుదే అవుతుందన్న భరోసా లేదు, ఎందుకంటే ఉత్తరం దూరాన ఉన్న కేంద్రానికి చేరాకే ముద్ర పడవచ్చు. గడువుకు కనీసం వారం ముందే పంపమని తపాలా శాఖే సలహా ఇస్తుంది. ఆ వారం దాటిపోతే కౌంటీ ఏర్పాటు చేసిన డ్రాప్ బాక్సులో గానీ ఎన్నికల కార్యాలయంలో గానీ స్వయంగా వేయండి.

ఇంట్లో అందరి కవర్లూ నేనే తీసుకెళ్లి వేయవచ్చా?

కుటుంబ సభ్యుల కవర్లు వేయడానికి చాలా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి. స్నేహితులవి, పక్కింటివారివి తీసుకెళ్లడం మీద కొన్నిచోట్ల కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. గుడి దగ్గరో, సంఘం సమావేశంలోనో ఎవరైనా కవర్లు పోగుచేస్తామంటే ఇవ్వకండి.

ఇంటికి బ్యాలెట్ వచ్చింది, కానీ నేరుగా వెళ్లి వేయాలనుంది. ఎలా?

ఆ బ్యాలెట్‌ను, కవరుతో సహా, వెంట తీసుకువెళ్లండి. చాలాచోట్ల దాన్ని అప్పగిస్తే మామూలు బ్యాలెట్ ఇస్తారు. లేకపోతే ప్రొవిజనల్ బ్యాలెట్, అంటే వివరాలు సరిచూశాకే లెక్కించే తాత్కాలిక బ్యాలెట్, ఇచ్చే అవకాశం ఎక్కువ. మీరు రెండుసార్లు ఓటు వేయలేదని నిర్ధారించుకున్నాక దాన్ని లెక్కిస్తారు.

పోలింగ్ రోజునే వెళ్లాలనుకుంటే ఏం గుర్తుంచుకోవాలి?

ముందస్తు ఓటుకు కౌంటీలో ఎక్కడికి వెళ్లినా చెల్లిన రాష్ట్రాల్లోనూ, పోలింగ్ రోజున మీకు కేటాయించిన కేంద్రానికే వెళ్లాల్సి రావచ్చు. కిందటిసారి వెళ్లిన బడే ఈసారీ ఉంటుందనుకోకండి, ముందు రోజు చూసుకోండి. ఉద్యోగం వల్ల సమయం దొరకనివారికి న్యూయార్క్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో జీతం కోత లేకుండా రెండు గంటల దాకా అనుమతి ఇవ్వాలని చట్టం ఉంది; దాన్ని ముందుగా అడగాలి.

కేంద్రం మూసే సమయానికి మీరు వరుసలో నిలబడి ఉంటే, ఎంత ఆలస్యమైనా ఓటు వేసే హక్కు మీకు ఉంటుంది. వరుస వదిలి రావద్దు. నేను పనిచేసిన ఒక సాయంత్రం, మూసే వేళకు మా సిబ్బందిలో ఒకామె వెళ్లి వరుసలో చిట్టచివరి మనిషి వెనుక నిలబడింది. ఆమె ముందున్నవారందరికీ ఓటు ఉన్నట్లు గుర్తు. ఆ చివరి మనిషి ఆసుపత్రి దుస్తుల్లోనే వచ్చిన యువతి. గంటకు పైగా నిలబడి ఓటు వేసి, ఓటు వేశానని చెప్పే స్టిక్కర్ అడిగి తీసుకుని, గుర్తింపు కార్డుకు అంటించుకుని తిరిగి డ్యూటీకి వెళ్లింది.

జాబితాలో మీ పేరు లేదంటే వెనుదిరగకండి. 2002 నాటి సమాఖ్య చట్టం ప్రకారం, అర్హత ఉందని మీరు రాతపూర్వకంగా చెబితే ప్రొవిజనల్ బ్యాలెట్ ఇవ్వాలి. ఇచ్చినప్పుడు దాని సంగతి ఎలా తెలుసుకోవాలో చెప్పే కాగితం కూడా తప్పక అడిగి తీసుకోండి.

లైసెన్సులో ఒక పేరు, ఓటరు జాబితాలో ఇంకో పేరు ఉంది. ఇబ్బందా?

కావచ్చు, మన వాళ్లకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు, పొడి అక్షరాలు, పాస్‌పోర్టులో మూడు ముక్కలైన పేరు, పెళ్లి తరువాత మారిన ఇంటిపేరు కలిసి ఒకే మనిషికి మూడు చోట్ల మూడు పేర్లు తయారవుతాయి. పౌరసత్వ ధ్రువపత్రంలో ఉన్నట్లే సోషల్ సెక్యూరిటీ, లైసెన్సు, ఓటరు నమోదు అన్నింటిలో పేరు ఉండేలా సరిచేసుకోండి. చాలా రాష్ట్రాల్లో నమోదుకు గడువు ఉంటుంది, అది ఎన్నికకు 30 రోజుల ముందు దాకా ఉండవచ్చు. వేసవిలోనే చూసుకుంటే హడావుడి ఉండదు.

అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. పక్కన నేను ఉండవచ్చా?

ఉండవచ్చు. చూపు లేకపోవడం, వైకల్యం, చదవడం రాయడం రాకపోవడం వల్ల సహాయం అవసరమైన ఓటరు, తనకు నచ్చిన మనిషిని వెంట తెచ్చుకోవచ్చని ఓటింగ్ హక్కుల చట్టంలోని 208వ సెక్షన్ చెబుతుంది. యజమాని, యజమాని తరఫు మనిషి, ఓటరు సభ్యత్వం ఉన్న కార్మిక సంఘం ప్రతినిధి మాత్రం పనికిరారు. టెక్సస్‌లోని విలియమ్సన్ కౌంటీలో 2014లో భారత సంతతికి చెందిన ఒక తల్లి అనువాదం కోసం కొడుకును వెంట తెచ్చుకుంటే, అతనికి ఆ కౌంటీలో ఓటు లేదని సిబ్బంది అడ్డు చెప్పారు. ఆ వ్యవహారం కోర్టుకు వెళ్లింది. రాష్ట్రం పెట్టిన ఆ షరతు సమాఖ్య చట్టానికి విరుద్ధమని 2017లో అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చింది. సిబ్బందిలో ఎవరైనా సందేహపడితే మర్యాదగా 208వ సెక్షన్ పేరు చెప్పండి.

మీ పని చదివి వినిపించడం, ఆమె చెప్పిన గడి నింపడం వరకే. ఎవరికి వేయాలో చెప్పడం సహాయం కిందికి రాదు.

ఎన్నికల సమయానికి హైదరాబాదులో ఉంటాను. ఓటు వేయగలనా?

వేయగలరు. ప్రవాస భారతీయులు భారత ఎన్నికల్లో ఓటు వేయాలంటే స్వయంగా వెళ్లాలి. విదేశాల్లో ఉన్న అమెరికా పౌరులకు మాత్రం 1986 చట్టం తపాలా ఓటు హక్కు ఇచ్చింది. తల్లిదండ్రుల ఆరోగ్యం కోసం కొన్ని నెలలు వెళ్లినవారికీ ఇది వర్తిస్తుంది. ఫెడరల్ పోస్ట్ కార్డ్ అప్లికేషన్ అనే దరఖాస్తును ఏటా కొత్తగా పంపాలి. సకాలంలో అడిగినవారికి సమాఖ్య ఎన్నికకు 45 రోజుల ముందే బ్యాలెట్ పంపాలని చట్టం ఉంది. ఈమెయిల్‌లో ఖాళీ బ్యాలెట్ తెప్పించుకోవడం మంచిది. నింపినదాన్ని ఈమెయిల్‌లో తిరిగి పంపవచ్చా అన్నది మీ రాష్ట్రం మీద ఆధారపడుతుంది.

నేను ఎవరికి ఓటు వేశానో ఎవరికైనా తెలుస్తుందా?

మీరు ఓటు వేశారా లేదా అన్నది రికార్డులో ఉంటుంది, దాన్ని పార్టీలు కూడా చూస్తాయి. ఎవరికి వేశారన్నది ఉండదు. తపాలా కవరు మీద పేరు ఉన్నా, సంతకం సరిచూశాక బ్యాలెట్‌ను కవరు నుంచి వేరుచేసి, మిగతా వాటిలో కలిపేశాకే లెక్కపెడతారు.

నాకు బాధ కలిగించేది ఇంట్లో జరిగే తంతు. భోజనాల బల్ల మీద నలుగురి బ్యాలెట్లు పరిచి, ఇంటి పెద్ద అన్నీ నింపి, మిగతావాళ్ల చేత సంతకాలు పెట్టించడం కొన్ని కుటుంబాల్లో మామూలైపోయింది. చట్టరీత్యా అది నేరం కావచ్చు. అంతకన్నా ముఖ్యంగా, పరీక్ష రాసి, ప్రమాణం చేసి పౌరసత్వం తెచ్చుకున్న ఆడవాళ్ల ఓటును అది లాగేసుకోవడమే. మీ ఇంట్లో అలా జరుగుతుంటే, ఆ ఎన్నికకు నేరుగా కేంద్రానికి వెళ్లండి. తెర వెనుక మీరొక్కరే ఉంటారు.

ఫలితం రాత్రికి రాత్రే తేలకపోతే అనుమానించాలా?

అక్కర్లేదు. ఫ్లోరిడాలో తపాలా బ్యాలెట్ల పని ఎన్నికకు ముందే మొదలుపెడతారు కనుక లెక్క త్వరగా వస్తుంది. పెన్సిల్వేనియా, విస్కాన్సిన్‌లలో ఎన్నిక రోజు ఉదయానికి ముందు ఆ కవర్లు తెరవకూడదు కాబట్టి ఆలస్యమవుతుంది. తేడా చట్టంలో ఉంది.

నా బ్యాలెట్ చేరిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

చాలా రాష్ట్రాల్లో మీ పేరు, పుట్టిన తేదీ ఇచ్చి ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు; కొన్నిచోట్ల ఫోనుకు సందేశం కూడా వస్తుంది. కవరు అందినట్లు కనిపించగానే ఆగిపోకండి. అందడం వేరు, సంతకం సరిపోలి లెక్కకు ఒప్పుకోవడం వేరు. రెండో మాట కనిపించేదాకా రెండు మూడు రోజులకొకసారి చూస్తూ ఉండండి. వారమైనా మారకపోతే కౌంటీ కార్యాలయానికి ఫోను చేసి, మీ పేరు అక్షరం అక్షరం చెప్పి అడగండి.